జయశీల అడిగిన ఇరవై రోజులు

సముద్రపొడ్డు పల్లె మైపాడులో పక్కింటి జయశీల ఏం పని చేసి బతుకుతుందో తెలుసుకోవడానికి పిచ్చమ్మకు నాలుగేళ్లు పట్టింది. పందిరి కింద కూర్చుని ఎండు నెత్తళ్లు ఏరుతూనే ఊరందరి గుట్టూ రాబట్టే మనిషికి ఈ పిల్ల ఒక్కతే కొరుకుడు పడలేదు. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా రోజులు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. సరుకు కనబడదు, తూకం కనబడదు.

చివరకు ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏమ్మే, నీ యాపారం ఏంది?"

"పేర్లత్తా," అంది జయశీల.

తర్వాత ఓపిగ్గా విడమరిచింది. ఇంటర్నెట్లో అంగడి తెరవాలంటే ఒక చిరునామా కావాలి. అందులో పెట్టే పేరు ముందుగా ఎవరు నమోదు చేసుకుంటే వాళ్లది. ఏటేటా రుసుము కడుతూ నిలుపుకోవాలి, కావలసినవాళ్లు వస్తే అమ్ముకోవచ్చు. నెల్లూరులో నెట్ సెంటరు నడిపిన రోజుల్లో, పదమూడేళ్ల కిందట, జయశీల మొదట నమోదు చేసిన పేరు 'పులుసు'. ఆ తర్వాత 'వంజరం', 'తాటిబెల్లం', అట్లా నూట నలభై. ఇంకొకరు పెట్టుకున్న పేరు జోలికి ఏనాడూ పోలేదు. జనం నోట నలిగే మాటలే ఆమె సరుకు. తండ్రి దావీదు గారి మందులూ, ఇంటి ఖర్చూ వాటి మీదే.

పిచ్చమ్మ ఏరడం ఆపేసింది. పులుసు అనే మాటకు భూమండలం మొత్తం మీద చిరునామా ఈ గోడ అవతల ఉందన్నమాట.

నిరుడు తుపాను వచ్చినప్పుడు తొమ్మిది రోజులు కరెంటు లేదు, ఫోను టవరు పడిపోయింది. జయశీల తండ్రిని తీసుకుని బడిలో తలదాచుకుంది, పిచ్చమ్మతో కలిసి అక్కడే గంజి కాచింది. పదో రోజున నెల్లూరు పోయి ఫోను ఛార్జి పెట్టుకుంటే ఒక ఫిర్యాదు వచ్చి పడి ఉంది. నాలుగేళ్ల కిందట పుట్టిన మసాలా కంపెనీ ఒకటి 'పులుసు' తమ వ్యాపార గుర్తనీ, జయశీల దాన్ని కాజేసిందనీ రాసింది. జవాబుకు గడువు ఇరవై రోజులు. అందులో పది గంజి కాచడంలోనే గడిచిపోయాయి.

పడవల సంఘం కలెక్టరాఫీసుకు పోయి మాట్లాడినట్టే, పేర్లు పెట్టుకుని బతికేవాళ్లకూ ప్రపంచం మొత్తానికి ఒక సంఘం ఉంది. నియమాలు రాసే సభల్లో అది వీళ్ల తరఫున మాట్లాడుతుంది. జయశీల ఆరేళ్లుగా అందులో సభ్యురాలు. ఆ సంఘం వకీలు సాయంతో పద్దెనిమిదో రోజున జవాబు పంపింది. పేరు దక్కింది.

వేసవికి మళ్లీ గుబులు మొదలైంది. జవాబుకు పది రోజులు చాలని పెద్ద కంపెనీల వకీళ్లు సభ ముందు కోరిక పెట్టారు. అదే నియమమైతే ఇంకో తుపానుకు జయశీల పేర్లు, ఆమె మాట వినకుండానే, పోతాయి. మీ మాట మీరే చెప్పండి, రెండు నిమిషాలు ఇప్పిస్తాం అన్నారు సంఘం వాళ్లు.

మూడు రోజులు రాసింది, కొట్టేసింది. రాసిందల్లా ఏడుపులా ఉందనీ, విని జాలిపడతారే గాని నియమం ఆపరనీ పందిరి కిందికి వచ్చి చెప్పుకుంది.

పిచ్చమ్మకు ఒళ్లు మండింది. "ఏడుపెందుకు మే? మన కట్టు చెప్పు. వేటకు పోయినోడి మీద ఎవురన్నా తప్పు మోపితే, వాడు ఒడ్డుకు వచ్చిందాకా పెద్దలు కూచోరు. వాడు రావాల, ఇంత అన్నం తినాల, అప్పుడే పంచాయితీ."

"ఎన్ని రోజులైనా?"

"మీ మామ పరాయోళ్ల వల కోసినాడని తగువు పెట్టినారు. ఆయన చూస్తే ఇంజను చెడిపోయి మద్రాసు కాడ తేలినాడు. పదిహేడు రోజులు ఆగినారు. వచ్చినాక ఇచారిస్తే, కోసింది ఆయన కాదు."

జయశీల గబగబా ఇంట్లోకి పోయి రాసుకుంది.

సభ నాటి మధ్యాహ్నం పిచ్చమ్మ తల దువ్వుకుని, కొత్త కోక కట్టుకుని, జయశీల ఇంట్లో కంప్యూటరు తెరలో కనబడకుండా గోడవార కూర్చుంది. తెర నిండా చిన్న చిన్న గళ్లు, గడికొక ముఖం. ఒకాయన కిటికీలో వాన, ఇంకొకామె వెనక చీకటి. ఇన్ని పొద్దులు ఒక్క పలక మీద ఎట్లా ఇమిడాయో ఆమెకు అంతుబట్టలేదు. జయశీల ఇంగ్లీషులో మాట్లాడుతుంటే 'మైపాడు' అన్న ఒక్క మాట చెవిన పడగానే పిచ్చమ్మ నిటారుగా కూర్చుంది. అన్ని ముఖాలూ కదలకుండా విన్నాయి. సభ నడిపే పెద్దావిడ కళ్లద్దాలు తీసి ఏదో అడిగింది. జయశీల ఒక్క మాటలో బదులిచ్చింది.

"ఏం అడిగిందమ్మా ఆ పెద్దామె?" తెర ఆరిపోగానే పిచ్చమ్మ ఆరా తీసింది.

"వాడు తిరిగి రాకపోతే ఏం చేస్తారని అడిగిందత్తా. రాడని తేలిందాకా ఆగుతారని చెప్పినా."

పిచ్చమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి పోయింది.

నాలుగు నెలలకు సభ నిర్ణయం వచ్చింది. ఇరవై రోజులు ఇరవైగానే నిలిచాయి. వేటకు పోయినవాడి కోసం ఆగే పల్లె సంగతి ఆ కాగితంలో ఒక వాక్యంగా ఉంది. జయశీల దాన్ని తెలుగు చేసి చెబుతుంటే పిచ్చమ్మ మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత సంక్రాంతి దాటిన నెలలో సంఘం సభ్యురాలొకామె జయశీలకు ఉత్తరం రాసింది. ఆమెది ఎక్కడో సముద్రం నడుమ దీవి. గాలివానకు రెండు వారాలు దారీతెన్నూ లేక, పదహారో రోజున జవాబు పంపి తన పేరు కాపాడుకుందట.

అదెక్కడుందో చూపించమంది పిచ్చమ్మ. జయశీల తెర మీద నీలాన్ని జరిపి, జరిపి, ఒక చుక్క దగ్గర ఆగింది. నువ్వుగింజంత కూడా లేదు. పిచ్చమ్మ కళ్లు చికిలించి చాలాసేపు దాన్నే చూసింది.

"ఆయమ్మ కాపాడుకునిన పేరు ఏందో అడుగు మే," అంది.

జయశీల నవ్వుతూ ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. పిచ్చమ్మ ముక్కాలిపీట ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.