చీటీలో కుక్క గడి

1978 జూలైలో విశాఖపట్నంలోని ఒక పరిశోధనాశాలలో, పరాన్నజీవుల విభాగంలో, సహాయ పరిశోధనాధికారిణిగా చేరాను. గొర్రెల కాలేయంలో పెరిగే నీటితిత్తులను అధ్యయనం చేయడం నాకు అప్పగించిన పని. కుక్క పేగులో ఉండే ఒక చిన్న బద్దెపురుగు గుడ్లు గడ్డితో గొర్రె కడుపులోకి పోతే కాలేయంలో తిత్తిగా మారతాయి. ఆ తిత్తిని కుక్క తింటే మళ్లీ పురుగవుతుంది. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్న మనిషికీ ఆ తిత్తి రావచ్చు.

వారానికి రెండు ఉదయాలు కబేళాకు వెళ్లేదాన్ని. అక్కడ గొర్రెలు కోసే నూకరాజు తిత్తులున్న కాలేయాలను నా కోసం విడిగా తీసిపెట్టేవాడు. "ఏటమ్మా, ఊరంతా మంచి కార్జానికి ఎగబడతంటే, మీరు పుచ్చిందాని కోసం సీసా పట్టుకొత్తారేటి?" అని తోటివాళ్లను నవ్వించేవాడు. తిత్తిలోని నీటిని నేను వడగట్టి, అందులో సూక్ష్మజీవులు లేవని పరీక్షించి, తిత్తి ఉన్నవారికి దద్దురు లేచే చర్మపరీక్షకు భద్రపరిచేదాన్ని.

మా విభాగానికి వచ్చే ప్రతి రక్తనమూనా వెంట ఒక చీటీ ఉండాలి. అందులో రోగి వృత్తి, ఇంటివారి వృత్తి, ఇంట్లో కుక్క ఉన్నదా అనే గడులు నేను చేర్పించినవే. ఒక్క గడి ఖాళీగా ఉన్నా చీటీని తిప్పి పంపేదాన్ని. "ఈవిడకి రోగి కంటే కుక్క ముఖ్యం" అని వార్డు సిస్టర్లు అనుకునేవారని నాకు తెలుసు. నేను పట్టించుకోలేదు.

మరుసటి ఏడు సెప్టెంబరులో ఒక ఆసుపత్రి నుంచి అప్పలమ్మ అనే రోగి నమూనా వచ్చింది. కాలేయంలో చీముగడ్డ అని అనుమానం. మరునాడు ఉదయం సూదితో చీము తీస్తామని చీటీలో రాశారు. కుక్క గడి ఖాళీగా ఉంది. తిప్పి పంపాను. సాయంత్రానికి నిండి వచ్చింది: భర్త నూకరాజు, కబేళాలో పని, ఇంట్లో కుక్క ఒకటి.

అది చీముగడ్డ కాక నీటితిత్తి అయితే సూది గుచ్చకూడదు. నీరు కడుపులోకి కారితే రక్తపోటు పడిపోయి, రోగి బల్ల మీదే పోవచ్చు. సూది గుచ్చవద్దనే నివేదిక మీద విభాగాధిపతి సంతకం కావాలి. ఆయన క్యాంపు మీద వేరే ఊళ్లో ఉన్నారు. అత్యవసరంలో తరువాతి హోదా అధికారి సంతకం చేయవచ్చన్న నిబంధన నాకు కంఠతా వచ్చు. సంతకం చేసి, తిత్తి నీటి సీసాతో స్వయంగా ఆ ఆసుపత్రికి వెళ్లాను.

సర్జన్ గారు హోదాలోనూ వయసులోనూ నాకు చాలా పెద్ద. "మీ పురుగులవాళ్లకి ప్రతి గడ్డలోనూ పురుగే కనిపిస్తుందమ్మా" అన్నారు. ఇరవై నిమిషాలు మాత్రం అడిగాను. ఆయన అనుమతితో, ఆయన ఎదుటే, ప్రాణరక్షణ మందులు పక్కన పెట్టుకుని పరీక్ష చేశాం. అప్పలమ్మ కుడిచేతి చర్మంలోకి ఉత్త ఉప్పునీటి చుక్క, ఎడమచేతికి గొర్రె తిత్తి నీటి చుక్క ఎక్కించాం. కుడిచేయి మామూలుగానే ఉంది. ఎడమచేతి మీద రూపాయి బిళ్లంత దద్దురు లేచింది. సర్జన్ గారు దాన్ని వేలితో కొలిచి, కేసు షీటులో సూది అన్న మాటను తన చేత్తోనే కొట్టేశారు. కొద్ది రోజుల తరువాత పొట్ట తెరిచి, చుట్టూ గుడ్డలు పరిచి, తిత్తిని చిట్లకుండా తీశారు. ఆమె కోలుకుంది.

దద్దురు లేపిన ఆ నీరు నూకరాజు తీసిపెట్టిన తిత్తిలోదేనని రిజిస్టరు చూసి నిర్ధారించుకున్నాను. ఆ రోజు గర్వపడ్డాను, ఇప్పటికీ పడతాను.

అప్పలమ్మను ఇంటికి పంపిన రోజున నూకరాజు నా గదికి వచ్చాడు. ఈ జబ్బు ఎలా వస్తుందో వివరించాను. అతను అంతా విని, "మీరు తీసుకోగా మిగిలిన పుచ్చు కార్జం మా కుక్కకే ఏసేవోణ్ణమ్మా. ముందే సెప్పుంటే ఎయ్యకపోదును కదమ్మా" అన్నాడు.

పద్నాలుగు నెలలు వారానికి రెండుసార్లు అతణ్ణి చూశాను. తిత్తి బరువు, కొలత, రంగు రాసుకున్నాను. ఒక్కసారీ అతనికి చెప్పలేదు.

ఆ వారంలోనే కబేళా వెనుక సున్నపు గొయ్యి తవ్వించి, పుచ్చు కాలేయాలు అందులోనే వేయాలని ఏర్పాటు చేయించాను. నా రిజిస్టరులో మరొక గడి గీశాను: నమూనా ఇచ్చిన వ్యక్తికి విషయం చెప్పిన తేదీ. అందులో మొదటి పేరు నూకరాజుది. నేను పదవీ విరమణ చేసేవరకు ఆ గడి ఖాళీగా ఉన్న పుట మీద సంతకం పెట్టలేదు.