పెడల్ తీగకు పూసిన గంధం

తొప్పూరు కనుమలో పదకొండేళ్లు మట్టి తవ్వే యంత్రం నడిపిన ప్రభుకు రాళ్లు పిండిచేసే క్రషర్‌లో ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. ఆ తర్వాత ఊళ్లో సలహాలకు కొదవలేదు, పనికే కొదవ. రోడ్డు పక్కన జెండా పట్టుకుని నిలబడమన్నారు. ప్రభు ఒప్పుకోలేదు. ఎడమచేతి పని ఎడమకాలితో చేస్తానన్నాడు. కంప్యూటర్లో యంత్రం నడిపే ఆటలో కాలువ తవ్వి చూపిస్తే యంత్రానికి పెడల్ బిగించి పని ఇస్తానని, విజయదశమినాడు పదిగంటలకు ఇంటికే వచ్చి చూస్తానని రోడ్డు పని చేయించే ఇంజనీరు సదాశివం మాటిచ్చాడు.

ఎడమచేత్తో ఆడించే లివర్ లేకున్నా ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే సాఫ్ట్‌వేర్ ఒకటుందని భార్య తమ్ముడు కదిరవన్ చెప్పాడు. ఎక్కడపడితే అక్కడ దొరికేది వద్దని, తయారుచేసినవాళ్ల పేజీయే వెతికి, వైరస్‌ను అడ్డుకునేదాన్ని ఆపకుండానే ప్రభు దాన్ని ఎక్కించుకున్నాడు. కంప్యూటర్‌కు తీగతో తగిలించిన పెడల్ కింద తొక్కితే తెరమీద లివర్ వంగింది. నెల రోజులు తొక్కాడు.

ఆయుధపూజకు తల్లి వెంకటలక్ష్మమ్మ కంప్యూటర్‌నూ పెడల్‌నూ పీటమీద పెట్టి పసుపు, గంధం, కుంకుమ పూసింది. పూజలో ఉన్నదాన్ని తెల్లారేదాకా ముట్టరాదు. ప్రభు ముట్టలేదు.

మరునాడు, విజయదశమి పొద్దున తొమ్మిదిన్నరకు పెడల్ తొక్కాడు. లివర్ కదల్లేదు. సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే లివర్ ఉంది, పెడల్ జాడే లేదు. తీగ పీకి చూశాడు. కొన లోపల గంధం ఎండి రాయిలా బిగుసుకుంది. తల్లి ఒక్క సందు వదల్లేదు.

మొన్న ప్రభు బాగా తవ్వినది తన దగ్గర రికార్డై ఉందని, లివర్‌కు దాన్ని తగిలిస్తే అదే తవ్వుకుంటుందని, కాలు ఊరికే ఆడిస్తే చాలని కదిరవన్ గొణిగాడు.

"అదీ నువ్వు తవ్విందే కదా బావా. దొంగసొత్తా ఏమన్నా?"

బయట సదాశివం జీపు ఆగింది. ప్రభు చెయ్యి మౌస్ మీదికి పోయింది. రేపు గుంతలో మనుషులుంటారు. మట్టి ఎత్తే బకెట్ కింద తలలుంటాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సదాశివం గడప దాటి లోపలికొచ్చాడు.

"సార్, పెడల్ పన్జేస్తా లేదు. రికార్డు ఒకటుంది, పెడితే మీరు కనుక్కోలేరు. కానీ అప్పుడు తవ్వేది నా కాలు కాదు, ఆ రికార్డు."

సదాశివం గడియారం చూశాడు. పాలక్కోడు పోవాలని, అరగంటకు మించి ఆగలేనని చెప్పి కుర్చీ లాక్కున్నాడు.

వెంకటలక్ష్మమ్మ గాజుకున్న పిన్నీసు ఊడదీసింది. "ఇట్లియ్యిరా. పూసింది నేను, తీసేదీ నేనే. పూజ చేస్తే అలిగే యంత్రాన్ని ఇప్పుడే చూసినా."

తీగ కొనను పిన్నీసుతో గీకింది. పొడి పొడిగా గంధం రాలింది. పద్దెనిమిది నిమిషాలు పోయాయి. తీగ గుచ్చి తొక్కితే తెరమీద లివర్ వణికింది.

మొదటి బకెట్ వంకరగా దిగి గట్టు కూలింది. రెండోదానికి గట్టు నిలిచింది. మూడోది తిన్నగా లేచింది. సదాశివం లేచేటప్పటికి కాలువ సగమే అయింది.

"సగమే తవ్వినావు," అన్నాడు.

"అవును సార్."

"సోమవారం రా. నెల దినాలు పక్కన పాత డ్రైవర్ ఉంటాడు. ఏది చెడినా ఇప్పుడు చెప్పినట్టే చెప్పాల."

జీపు వెళ్లిపోయింది. ప్రభు పెడల్ మీదనుంచి కాలు తియ్యలేదు. మిగిలిన సగం తవ్వాకే లేచాడు.