పద్నాలుగు గీతలు ఒకేచోట వంగాయి

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలవగా విన్నవాళ్లు మాత్రం లేరు. ఆ చిన్నపిల్లల ఆసుపత్రిలో పసివాళ్ల బరువు చూసే గది ఇరవై ఆరేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది కనుక తల్లులందరికీ ఆమె తూకమక్క. ఆ తల్లుల్లో కొందరిని వాళ్ల పసితనంలో తూచింది కూడా ఆమే. డాక్టరమ్మ ఒక్కరే “సిస్టర్” అని పిలుస్తారు.

తూకమక్కకు ఒక అలవాటు ఉండేది. బిడ్డను అందుకునే ముందు రెండు అరచేతులూ రుద్ది వెచ్చజేసుకునేది. బిడ్డను ఒకసారి ఎత్తి, కాస్త ఊపి, “ఏడున్నర” అనో “తొమ్మిదికి కొంచెం తక్కువ” అనో చెప్పి, ఆ తర్వాత మిషను మీద పడుకోబెట్టేది. వంద గ్రాములు అటూ ఇటూగా ఆ మాటే నిజమయ్యేది.

“ఇంక ఆ మిషనెందుకక్కా నీకు?” అని తల్లులు నవ్వేవారు.

“నా చేతులకి తూనికల ఆఫీసువాళ్లు సీలు వెయ్యలేదమ్మా, ఏం చెయ్యను!” అనేది.

ఆ ఏడాది చలి మొదలవుతుండగా ఆమె అంచనా తప్పడం మొదలైంది. చేతులు ఒకటి చెబితే మిషను అరకిలో తక్కువ చూపేది. యాభై రెండేళ్లు వచ్చాయి, చేతులు మొద్దుబారుతున్నాయి కాబోలనుకుంది. ఎవరితోనూ అనలేదు. చేత్తో ఎత్తి చెప్పడం మాత్రం మానేసింది.

ఆసుపత్రికి ఎదురుగా ఉన్న మందుల షాపులో ఒకమ్మాయి పనిచేసేది. ఆమెకు ఎనిమిది నెలల కొడుకు. రెండు నెలల కిందటే మళ్లీ పనిలో చేరింది. పగలంతా పిల్లాణ్ని అత్తగారు చూసుకునేది. ముందు నెల ఏడున్నర కిలోలున్న పిల్లాడు ఈసారి ఏడు కిలోల మూడు వందల యాభై తూగాడు. తూకమక్క మిషను తుడిచి మళ్లీ తూచింది. అదే అంకె. వారం ఆగి రమ్మంది. వారం తర్వాత ముప్ఫై గ్రాములు పెరిగాడు, అంతే.

“పాలు చాలట్లేదు తల్లీ, ఇంకేముంది! నేను చెబితే వినదు. షాపు, షాపు అంటుంది,” అని అత్తగారు గది గుమ్మంలోనే అందరికీ వినపడేలా అంది. కోడలు పిల్లాడికి చొక్కా తొడుగుతూ తల ఎత్తలేదు. ఒకే గుండీని మూడుసార్లు పెట్టి తీసింది.

డాక్టరమ్మ రక్త పరీక్ష చేయించారు. అందులో ఏమీ తేలలేదు. ఏమీ తేలకపోవడంతోనే ఆమెకు మరింత అనుమానం కలిగింది. గొంతులోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలంటూ పెద్దాసుపత్రికి ఉత్తరం రాశారు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు అక్కడ.

శుక్రవారం ఆ అమ్మాయి వసారాలో తూకమక్కను ఆపింది. “అక్కా, నావల్లేనా? నేను పనికి వెళ్లకుండా ఉంటే వాడిలా అయ్యేవాడు కాదా?”

“ఛ, ఏం మాటలమ్మా అవి,” అంది తూకమక్క. ఆ ప్రశ్న ఇంటిదాకా వచ్చింది. అన్నం ముందు కూడా కదల్లేదు.

ఆలోచించగా ఒక్కటి తట్టింది. ఆ నెలలో తగ్గింది ఈ పిల్లాడొక్కడే కాదు. ఒకరికి పళ్లు వస్తున్నాయన్నారు, ఒకరికి పాలు మాన్పించామన్నారు, ఇంకొకరికి జలుబన్నారు. ఎవరి కార్డు వాళ్లది, ఎవరి కారణం వాళ్లది. కానీ ఊరంతా జలుబులే కదా! జలుబుల వల్లే పిల్లలందరూ ఓ మెట్టు దిగారని చూపించగలిగితే, ఆ గొట్టం పరీక్షను డాక్టరమ్మ రెండు వారాలు వాయిదా వెయ్యకపోతారా?

చూపించడమెలాగో ఆమెకు కొంచెం తెలుసు. వేసవిలో పై ఆఫీసువాళ్లు మూడు రోజులు కంప్యూటరు నేర్పారు. అంకెలను షీట్లో వరసగా కొట్టి, వాటిని చార్టుగా గీయించడం ఆ పాఠాల్లోదే. శనివారం ఒంటిగంటకు రోగులు వెళ్లిపోయాక, కార్డుల కట్ట పట్టుకుని రికార్డుల గదిలో కూర్చుంది.

ఎడమవైపు వరసలో మంగళవారాల తేదీలు వేసింది. బరువులు చూసేది మంగళవారమే. ఒక్కో బిడ్డకు ఒక్కో కాలమ్. పద్నాలుగు మంది పిల్లలు. అందరూ నెలకోసారే, వేరువేరు వారాల్లో వస్తారు కనుక మధ్యలో ఖాళీ గళ్లు మిగిలాయి. చివరి కాలమ్‌లో, ఆ వారం జలుబుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ల సంఖ్య. మొత్తం ఎంచుకుని, గీతల చార్టు నొక్కింది.

తెర మీద కనిపించినదాన్ని చూసి నీరసం వచ్చింది. జలుబుల గీత ఒక్కటే కొండలా పైకి లేచింది. పిల్లలందరూ అడుగున ఒకరి మీద ఒకరు పడి చాపలా పరుచుకున్నారు. పైగా ఖాళీ గళ్ల దగ్గర గీతలు తెగిపోయి చుక్కలే మిగిలాయి.

పాఠాల నోటుపుస్తకం తీసింది. జలుబులు తొంభై దాకా ఉన్నాయి, బరువులు పది లోపు. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిస్తే చిన్నవి అణిగిపోతాయి. నోటుపుస్తకంలో చెప్పినట్టు జలుబుల గీత మీద రైట్ క్లిక్ చేసి, దాన్ని కుడివైపున్న రెండో కొలబద్దకు మార్చింది. పిల్లల గీతలు అమాంతం పైకి లేచాయి. ఖాళీ గళ్లను దాటి చుక్కలు కలిపే ఏర్పాటు వెతికి పట్టుకోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పని ఏ పేరు కింద దాక్కుందో మరి, నోటుపుస్తకంలో ఆమె రాసుకోనేలేదు.

అప్పుడు చూసింది.

గీతలన్నీ నెలల తరబడి మెట్టు మెట్టుగా పైకి వచ్చి, ఒక్కచోట కిందికి వంగాయి. పొట్టివాడి గీతా, బొద్దు పిల్ల గీతా, పాలు మానినవాడిదీ, మానని పిల్లదీ, అన్నీ. కిందటి నెల మొదటి మంగళవారం వచ్చిన ముగ్గురూ శుభ్రంగా పెరిగారు. రెండో మంగళవారం నుంచి గది గుమ్మం దాటిన ప్రతి బిడ్డా తగ్గాడు. మొదటి వారం ముగ్గురు సైతం మరుసటి నెల వచ్చేసరికి తగ్గిపోయారు.

జలుబుల గీత పైకి లేవడం నాలుగో వారంలో గానీ మొదలు కాలేదు.

“జలుబు రాకముందే తగ్గిపోవడమేమిటి?” అని పైకే అనేసింది. గదిలో ఎవరూ లేరు.

మొదటి మంగళవారానికీ రెండో మంగళవారానికీ మధ్య ఏం జరిగింది? గదికి రంగులు వేశారు. నేలకు కొత్త పలకలు పరిచారు. పలకలు నున్నగా ఉండి మిషను జారుతోందని తనే ఇంట్లోంచి మెత్తటి స్పాంజి పట్టా తెచ్చి దాని కింద వేసింది. పిల్లలు కింద పడతారేమోనని భయం.

లేచి గబగబా తూకం గదికి వెళ్లి, వంగి, మిషను కిందికి చూసింది. నాలుగు కాళ్లూ పట్టాలో కూరుకుపోయి, మిషను పొట్ట పట్టాకు ఆనుతోంది. బిడ్డ బరువులో కొంత కాళ్లదాకా చేరకుండా పట్టాయే మోసేస్తోందన్నమాట. ఖాళీగా ఉన్నప్పుడు సున్నాయే చూపుతుంది, అనుమానమెలా వస్తుంది? ఐదు కిలోల తూకపు రాయి పెట్టి చూస్తే తెలిసేది. ప్రతి మంగళవారం పొద్దున పెట్టి చూడాల్సిందే. రంగులప్పుడు ఆ రాయి స్టోరు గదికి వెళ్లింది, రేపు తెచ్చుకుందాం, ఎల్లుండి తెచ్చుకుందాం అనుకుంటూ ఆమే వదిలేసింది.

రాయి తెచ్చింది. పట్టా మీద నాలుగు కిలోల ఆరువందల యాభై. పట్టా లాగేసి, పలక మీద పెట్టి చూసింది. ఐదు కిలోలు, ఒక్క గ్రాము తేడా లేదు.

ఆ రాయి పక్కనే నేల మీద కూర్చుంది. తప్పు తనది. కానీ పిల్లలు బాగున్నారు! పిల్లలు బాగున్నారన్న మాట ముందు ఆ తప్పు ఎంతకీ పెద్దది కాలేకపోయింది. ముఖం కడుక్కుని, చార్టు అచ్చు తీసి, డాక్టరమ్మ గదికి నడిచింది. ఆమె బ్యాగు సర్దుకుంటున్నారు.

“మేడమ్, ఒక్క నిమిషం. తప్పు నాదే. ముందు ఇది చూడండి, తర్వాత తిట్టండి.”

డాక్టరమ్మ కాగితాన్ని దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు. గీతలు వంగినచోట వేలు పెట్టి, “ఇక్కడేమైంది?” అన్నారు.

“పట్టా వేశానండీ.”

సంగతంతా విన్నాక ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. “ఆరుగురికి రక్తం తీయించాను సిస్టర్. రోజూ ఆ కార్డులు చూస్తున్నాను. ఒక్కొక్కటిగా చూశాను. పక్కపక్కన పెట్టి చూడాలని నాకూ తోచలేదు.” కళ్లు తెరిచి అడిగారు. “సోమవారం పంపే పిల్లాడు?”

“ఎదురుగానే ఉంది మేడమ్ వాళ్లమ్మ. పిలవనా?”

మందుల షాపమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఆమె ఫోను చేయగా పది నిమిషాల్లో అత్తగారు పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చింది. తూకమక్క అరచేతులు రుద్దుకుంది. పిల్లాణ్ని ఎత్తుకుంది. “ఎనిమిదికి కొంచెం తక్కువ,” అంది. మిషను మీద పడుకోబెడితే ఏడు కిలోల తొమ్మిది వందల ఇరవై.

“అంటే…” అంది ఆ అమ్మాయి.

“అంటే నీ కొడుకు పెరుగుతూనే ఉన్నాడు తల్లీ. నా మిషనే తప్పు చెప్పింది. నేనేసిన పట్టా వల్ల. గొట్టమూ లేదు, గిట్టమూ లేదు, సోమవారం హాయిగా ఇంట్లో ఉండండి. నన్ను ఏమన్నా పడతాను.”

ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పిల్లాడు తల్లిని వింతగా చూసి, తనూ నోరు తెరిచాడు.

“ఈ మిషన్లను నమ్మకూడదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా,” అంది అత్తగారు. ఆవిడ అలా అనగా అంతకుముందు ఎవరూ వినలేదు. అయినా ఎవరూ కాదనలేదు. పిల్లాణ్ని కోడలి చేతికిస్తూ ఆవిడే మెల్లగా మళ్లీ అంది, “రెండ్రోజుల్నుంచి సరిగా తినలేదు ఇది. నేనూ నోరు జారాన్లే. పదమ్మా, ఇంటికెళ్లి అన్నం తిందువుగానీ.”

తర్వాత తూకమక్క మిగతా పదమూడు ఇళ్లకూ ఫోన్లు చేసింది. ఒక తండ్రి “ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యరా?” అని కేకలేశాడు. అరిచినంతసేపూ వింది. చివర్లో అతనే “సర్లెండి, పిల్ల బాగుంది, అదే చాలు,” అని పెట్టేశాడు. ఒకావిడ సంతోషం పట్టలేక ఫోను పట్టుకునే ఇంట్లో అందరికీ పేరుపేరునా చెప్పుకొచ్చింది. ఒక ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాలుగు వీధులవతలే కదా అని నడిచి వెళ్లి, తలుపు కొట్టి చెప్పింది.

మంగళవారం పద్నాలుగు మందినీ మళ్లీ తూచారు. పదమూడు మంది ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నారు. ఒక పాపాయి మాత్రం నిజంగానే పెరగలేదు. తప్పు తూకాల గందరగోళంలో ఆ పాపాయి కూడా అందరిలో ఒకతెగా కలిసిపోయింది. ఇప్పుడు మిగతా గీతలు లేచేసరికి విడిగా కనపడింది. డాక్టరమ్మ ఆ రోజే మందు మొదలుపెట్టారు. రెండు నెలలకు ఆ గీత కూడా పైకి తిరిగింది.

జరిగింది రిజిస్టరులో రాయమని తూకమక్కే పట్టుబట్టింది. వారం తర్వాత పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఎలా రాయాలో చెబుతామని తోటివాళ్లు చుట్టూ చేరారు. రంగులవాళ్ల మీదకు తొయ్యమని ఒకరు, పలకల మీదకు తొయ్యమని ఒకరు. ఆమె అందరినీ పక్కకు జరగమని రెండే ముక్కలు రాసింది: “పట్టా నేనే వేశాను. చార్టులో చూసి తెలుసుకుని నేనే తీసేశాను.”

దాన్ని టపాలో వేసి వచ్చి, మూడో పిరియడులో ఆటకు వదిలిన బడిపిల్లలా తేలిగ్గా నడుచుకుంటూ గదిలోకి వెళ్లి, “ఎవరమ్మా తర్వాత?” అని పిలిచింది.