గోడౌన్ మూలలో అధ్యక్షుల వారు

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏ కుర్రాణ్ని కదిపినా కంప్యూటర్ నేర్చుకుంటున్నాననే చెప్పేవాడు. నేనూ అదే చెప్పేవాణ్ని. నేర్చుకున్నది మాత్రం డ్రమ్ముల వెనక నక్కి మనుషుల్ని కాల్చడం. ఆ విద్యలో నేను ఎంత దూరం వెళ్లానంటే, ఒక ఆదివారం సాయంత్రం మారేడ్‌పల్లిలోని ఒక కమ్యూనిటీ హాలులో సభ పెట్టి, నేను పుట్టించి పెంచిన వెబ్‌సైట్ నుంచి నన్నే సస్పెండ్ చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఏకగ్రీవం అని మాటవరసకు అనడం లేదు. నేను కూడా చెయ్యెత్తాను. (ఎత్తకపోతే ఏకగ్రీవం కాదు. ఏకగ్రీవం కాకపోతే మా అధ్యక్షుల వారికి అన్నం సహించదు.) ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాసిందీ నేనే, ఎందుకంటే సంఘానికి కార్యదర్శిని నేను. "పై సభ్యుని ప్రవర్తన సంఘ గౌరవమునకు భంగకరమని సభ అభిప్రాయపడినది" అని రాస్తూ, ఆ సభ్యుడెవరోగాని పాపం అని ఒక్క క్షణం జాలిపడ్డాను కూడా.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నాన్న ఉద్యోగం వల్ల విజయనగరం వైపు నుంచి వచ్చి, మారేడ్‌పల్లిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. నేనొక దినపత్రికలో ట్రైనీ సబ్ ఎడిటర్‌ని. జిల్లాల నుంచి వచ్చే గేదెల దొంగతనాలనూ ట్రాక్టర్ బోల్తాలనూ నాలుగేసి వాక్యాల్లోకి కుదించడం నా పని. ఎంత బాగా కుదించినా కింద నా పేరు పడదు. ఆ బాధ మరిచిపోవడానికి మా వీధి చివర దర్జీ కొట్టు మీదున్న ఇంటర్నెట్ కేఫ్‌కు పోయేవాణ్ని. ప్లైవుడ్ చెక్కలతో విడగొట్టిన ఎనిమిది అరలు, ఎనిమిది కంప్యూటర్లు, అన్నింటిలోనూ ఒకే తుపాకుల ఆట. ఎక్కడెక్కడివాళ్లో ఆన్‌లైన్‌లో రెండు జట్లుగా చేరి ఒకళ్లనొకళ్లు కాల్చుకోవడమే ఆ ఆట. చచ్చినవాళ్లు రెండు నిమిషాలు ఓపిక పడితే మళ్లీ లేచి వస్తారు. అక్కడే నాకు జావా పరిచయమయ్యాడు. బన్సీలాల్‌పేట్ కుర్రాడు. అమీర్‌పేటలో జావా కోర్సు నేర్చుకుంటున్నాడు కనుక ఆ పేరు. (కోర్సు పూర్తయిందా అని అడిగితే నొచ్చుకునేవాడు.)

ఒకరోజు ఆట అయ్యాక జావా, "భయ్, గీ ఆట మీద మనదొక సైట్ పెడదామా? పేజీలు నేను చేస్త, రాసుడు నువ్వు రాయ్" అన్నాడు. ఏం రాయాలో నాకు తెలియలేదు. తెలిసింది జిల్లా పేజీ ఒక్కటే కాబట్టి అదే రాశాను. "గోడౌన్‌లో కాల్పులు: ఆరుగురి మృతి, ఇద్దరు పరారీ" అని మొదటి శీర్షిక. ఆటలో డ్రమ్ములూ పెట్టెలూ నిండిన ఒక పాడుబడ్డ షెడ్డు ఉండేది. దాన్ని మేం గోడౌన్ అనేవాళ్లం. "మృతుల్లో ఇద్దరు కాప్రా వాసులు. సంఘటనా స్థలంలో ఒక గ్రెనేడ్ లభ్యమైంది. మృతులు తదుపరి రౌండ్‌లో యథావిధిగా పాల్గొన్నారు." తెలుగు అక్షరాలు అప్పట్లో నెట్‌లో సరిగా కనబడేవి కావు. అందుకని ఆఫీసు కంప్యూటర్‌లో మా పత్రిక అక్షరాలతోనే శీర్షికలు కూర్చి, బొమ్మలుగా మార్చి, ఫ్లాపీలో తెచ్చి ఇచ్చేవాణ్ని. ప్రతి వార్త కిందా "నిశ్శబ్దం" అని ఆటలో నా పేరు. పేపర్లో దొరకనిది అక్కడ దొరికింది. మొదటివారం చూసినవాళ్లు నేనూ జావా. నెల తిరిగేసరికి, చచ్చినవాళ్లు తమ మరణవార్త చూసుకోవడానికి, చంపినవాళ్లు నలుగురికి చూపించుకోవడానికి రావడం మొదలైంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు "నిశ్శబ్దం గారూ, నా చావు ఫస్ట్ పేజీలో వేయగలరు" అని రాసిన రోజు నేను అన్నం తినలేదు, ఆనందంతో.

సభ్యులు పెరిగాక అందరం ఒకచోట కంప్యూటర్లు పెట్టుకుని ఆడాలనే కోరిక పుట్టింది. కాలనీ కమ్యూనిటీ హాలు అడిగితే, సంఘాలకు తప్ప ఇవ్వరట. లెటర్‌హెడ్ మీద అర్జీ ఉండాలి, దాని మీద ఒక పెద్దమనిషి అధ్యక్షుడి హోదాలో సంతకం చేయాలి. మాకు తెలిసిన పెద్దమనిషి కింది వాటాలో ఉండే మా ఓనర్ అంకుల్ ఒక్కరే. సహకార సంఘాలను తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తనిఖీ చేయడానికి ఏమీ లేక ఇంట్లో పప్పు డబ్బాల మూతలు తనిఖీ చేస్తున్నారని ఆంటీ వాపోయేవారు. మేం కాగితం తీసుకెళ్లాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఏందయ్యా పేపరాయన, గిది సంఘమేనా?"

"సంఘమే అంకుల్."

"బైలాస్ ఏవి మరి?"

"లేవంకుల్."

"మినిట్స్ బుక్కు?"

జావా నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"జెర సిగ్గుండాలె. బైలాస్ లేవు, బుక్కు లేదు, సంఘమంట! సంతకం పెడ్త గని, పేరుకు అధ్యక్షుణ్ని కమ్మంటే నాతోని కాదు. పెడితే పని జేస్త. సరేనా?"

సరే అన్నాం. అంతకంటే పెద్ద పొరపాటు ఆ వీధిలో ఇంకెవరూ చేసి ఉండరు. ఆయన అప్పటికి ఆ ఆటను ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరమూ కనబడలేదు. వారంలో ఇరవై ఆరు నిబంధనలు తయారయ్యాయి, రబ్బరు స్టాంపు వచ్చింది. జావా సాంకేతిక సంయుక్త కార్యదర్శి అయ్యాడు. మా అమ్మ ఆ నిబంధనలు చదివి, "ఏట్రా ఇది? కాల్చుకు చచ్చే ఆటకి సభా మర్యాదలేటి?" అంది. మొదటి సమావేశంలో అధ్యక్షుల వారు, "కిందటి నెల ఎంతమంది పోయిన్రు?" అని అడిగారు. ఉజ్జాయింపుగా నాలుగు వేలని జావా చెప్పాడు. ఆయన లేచి నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. రెండు నిమిషాల మౌనం. మృతులందరూ మౌనం పాటించారు. (పదిహేడో నిబంధన ప్రకారం గైర్హాజరైన మృతులు సెలవు చీటీ ఇవ్వాలి.)

నవ్వుకుంటారేమో గాని, సైట్ నిజంగా పెరిగింది అప్పుడే. ఎవరికి అన్యాయం జరిగినా అధ్యక్షుడికి అర్జీ పెట్టుకోవచ్చని మూడో నిబంధన. అర్జీలన్నీ సైట్‌లో పెట్టాం. తీర్పులు ఆయన చెబితే నేను రాసేవాణ్ని. వెనక నుంచి కాల్చడం తప్పా కాదా? చచ్చినవాడు బతికున్నవాడికి శత్రువు జాడ చెప్పొచ్చా? వీటిపై ఓనర్ అంకుల్ తీర్పుల కోసం ఆట ఆడనివాళ్లు కూడా వచ్చి చదివేవారు. ఇంకేదో ఊరి నుంచి ఒకాయన తన కాంపౌండు గోడ తగాదా కూడా పంపాడు. (అది మా పరిధిలోకి రాదని రెండు పేజీల జవాబు వెళ్లింది.)

అలాంటి రోజుల్లో నా మీదే అర్జీ వచ్చింది. పెట్టినవాడు కాప్రా కమాండో. పేరుకు కమాండో గాని, బ్యాంకు పరీక్షలకు చదువుకునే మహా మర్యాదస్తుడు. "అయ్యా, కార్యదర్శి గారు గోడౌన్‌లో డ్రమ్ముల వెనక మూలలో కదలకుండా కూర్చుని నన్ను మూడుసార్లు చంపినారు. నాకు మనస్తాపము కలిగినది." ఆ మూల నా ప్రాణం. పరిగెత్తుతూ కాల్చడం నాకు చేతకాదు. కూర్చుని ఎదురు చూడడం ఒక్కటే వచ్చు. అది తప్పని తేలితే ఆటలో నేను లేను. ఆటలో లేనివాడు ఆట వార్తలు రాయకూడదని నిబంధన. దాన్ని రాసిందీ నేనే.

అధ్యక్షుల వారు నన్ను విచారణకు పిలిచారు. అంటే మెట్లు దిగి కిందికి వెళ్లాను.

"ఒక్క తాననే కూసోని ఏం జేస్తవయ్యా?"

"చూస్తుంటానంకుల్."

"ఏం జూస్తవ్?"

"ఎవరైనా వస్తారేమో అని."

"వస్తే?"

"కాలుస్తాను."

"రాకుంటే?"

"ఇంకాసేపు చూస్తాను."

ఆయన గడ్డం గోక్కున్నారు. "సర్కారు కొలువు లెక్కనే ఉంది. దీంట్ల తప్పేందో నాకు సమజైతలేదు. అయినా స్థల పరిశీలన జేయకుండ తీర్పు చెప్పుడు నా సర్వీసులనే లేదు. ఆదివారం పదకొండు గంటలకు ఇన్‌స్పెక్షన్. ముద్దాయివి నువ్వు. ఆ చుట్టుపక్కల కానరావద్దు."

ఆదివారం కేఫ్‌లో జరిగింది నాకు తర్వాత జావా చెప్పాడు. నెట్ కలవక నలభై నిమిషాలు ఆలస్యమైందట. అధ్యక్షుల వారు ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చుని, మౌస్‌ను స్టాంపులా పట్టుకుని, ఆటలో సైనికుడై గోడౌన్‌లోకి అడుగుపెట్టారు. రెండు జట్ల నుంచీ ఇరవై మంది తుపాకులు దించుకుని గోడౌన్ బయట గోడ వారగా వరుస కట్టారు. ఆయన సైనికుడు ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి తన బూట్లను చూస్తూ నడిచాడు. "డ్రమ్ములెన్ని? ఆరు. రాస్కో. దర్వాజ కాడికెల్లి మూలకు పద్దెనిమిది అడుగులు. రాస్కో." జావా రాసుకున్నాడు. మూలకు చేరాక సైనికుడు గోడకు తిరిగిపోయాడు. ఇటు తిప్పడం ఆయనకు చేతకాలేదు. చేతకాలేదని చెప్పడమూ ఆయన పద్ధతి కాదు. "గోడ మీద ఏందో రాసుంది, చదువుతున్న. ఆగుండ్రి" అన్నారట.

సరిగ్గా ఆ సమయానికి నేను రైల్వే స్టేషన్ దగ్గర మరో కేఫ్‌లో ఉన్నాను. గడియారంలో పావు తక్కువ పన్నెండు. పరిశీలన అయిపోయి ఉంటుంది, నా మూలను ఒకసారి చూసి వద్దామనుకుని ఆటలోకి వెళ్లాను. పై కిటికీ నుంచి తొంగిచూస్తే, నా డ్రమ్ముల వెనక, నా మూలలో, ఎవడో గోడకు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. కాల్చాను. ఒక్కటే గుండు. గురి తప్పలేదు.

అక్కడ కేఫ్‌లో అధ్యక్షుల వారు మౌస్ వదిలేసి జావా వైపు తిరిగారట.

"ఏందీ? తెర ఎర్రగైంది?"

"సార్... మీరు సచ్చిపోయిన్రు."

"ఎవలు కొట్టిన్రు?"

"సెక్రటరీ, సార్."

ఆయన జావా రాసుకున్న కాగితంలోకి తొంగి చూశారట. "ఇన్‌స్పెక్షన్ అయినట్టా, కానట్టా?"

"మధ్యల ఉండె సార్."

"అయితే రాస్కో. అధ్యక్షుని మరణం వల్ల పరిశీలన అర్ధంతరంగా ఆగింది."

సాయంత్రమే అత్యవసర సమావేశం. చనిపోయిన అధ్యక్షుడు అధ్యక్షత వహించవచ్చునా అని కాప్రా కమాండో వినయంగా సందేహం లేవనెత్తాడు. తర్వాతి రౌండ్‌లో లేచారు కనుక వహించవచ్చని తేలింది. ఓనర్ అంకుల్‌కు నా మీద కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "చూడయ్యా, ఒక్కటే ముచ్చట. నేనని తెల్సి కొట్టినవా, తెల్వక కొట్టినవా? తెల్వదు అని ఒక్క లైను రాయి. దస్తఖత్ పెట్టి పొద్దుగాల నీ కుర్చీల నువ్వు కూసో. రాసేదాక మాత్రం సస్పెన్షనే. రూలు రూలే." జావా నా చెవిలో, "రాసెయ్ భయ్, ఏం పోతది?" అన్నాడు. "ముద్దాయి సంజాయిషీ" అని శీర్షిక రాసి, కింద నాలుగు గీతలు వదిలి, కలం పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆటలో ఎదుటివాడి మీద గురి అర క్షణం నిలిస్తే వాడి పేరు తెర మీద కనబడుతుంది. నా గురి అర క్షణం నిలిచిందా? పేరు కనబడిందా? ఆ సైనికుడి నడుము మీద అంకుల్‌కు ఎప్పుడూ ఉండే చేయి లేదు గాని, గోడ ముందు నిలబడ్డ తీరు మాత్రం, గుమ్మం దగ్గర కరెంటు మీటరు చదివే మా ఓనర్ అంకుల్ తీరే. అది కాల్చకముందు అనిపించిందా, కాల్చాక అనిపించిందా? నేను ఉద్యోగంలో చేరిన రోజే మా న్యూస్ ఎడిటర్ గారు నాకు చెప్పారు, ధ్రువపడనిది రాయకు, ఖాళీ వదిలినా తప్పులేదు అని. జిల్లా పేజీలో ఆ మాట ఎన్నిసార్లు పాటించానో చెప్పలేను గాని, ఆ సాయంత్రం పాటించాను. కలం మూత పెట్టేశాను. ఆ తర్వాత మరణవార్తలు మరెవరో రాశారు. బాగా రాశారు కూడా. నేను రోజూ చదివి, రోజూ కుళ్లుకున్నాను. రెండేళ్లకు జావా ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. ఒకరోజు సైట్ తెరిస్తే తెరుచుకోలేదు.

ఇప్పుడు పేపర్లో నా పేరు పడుతుంది, ఫొటోతో సహా. చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. ఈమధ్య కాప్రా చెరువు దగ్గర, కొడుకు ఇంట్లో ఉంటున్న ఓనర్ అంకుల్‌ను చూడబోయాను. చెవులు సరిగా వినబడవు గాని మనిషి నిటారుగానే ఉన్నారు. టీ రాకముందే లోపలికి వెళ్లి, పాలిథిన్ కవరులో చుట్టిన మినిట్స్ పుస్తకం తెచ్చి నా ముందు తెరిచారు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. "ఇంక నీదొక్కటే పెండింగు. ఇయ్యాలన్న రాస్తవా?" అన్నారు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడి గుండ్రటి దస్తూరి చూసి నవ్వొచ్చింది. ఒక్క లైను కోసం అంత మొండితనమా అనిపించింది. వాడి తరఫున రాసేద్దామని పెన్ను తీశాను కూడా. వాడికి తెలియనిది నాకు మాత్రం ఏం తెలుసు? టీ తాగి, పెన్ను ఆయనకే ఇచ్చి వచ్చాను.

పుస్తకం ఆయన దగ్గరే ఉంది. నాలుగు గీతలూ ఖాళీగానే ఉన్నాయి.