ఉగాది ముగ్గు మీద చీమల యుద్ధం

మా చిన్నప్పుడు... ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో, సరిగ్గా మా గడప ముందు ఒక మహాయుద్ధం జరిగింది. నాన్న ఆర్మీలోనే ఉండేవారు గానీ, ఆయన కూడా అలాంటి యుద్ధం చూసి ఉండరని నా గట్టి నమ్మకం!

మా అమ్మది గుంటూరు. ముగ్గంటే బియ్యప్పిండితోనే వెయ్యాలి. "నాలుగు చీమలు తినకపోతే అదేం ముగ్గే?" అనేది.

ఆ ఏడు ఉగాదికి అమ్మకి ఉత్సాహం పొంగింది. మా గడప దగ్గర మొదలుపెట్టిన ముగ్గుని వరండా పొడుగునా లాగి, పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ గడప దాకా తీసుకెళ్లింది. పండగపూట వాళ్లకీ మంచి జరగాలని.

అక్కడే వచ్చింది చిక్కు... మా మెట్టు కింద చిట్టి ఎర్రచీమలు, వాళ్ల మెట్టు కింద నల్లటి గండుచీమలు. అప్పటిదాకా ఎవరి బతుకు వాటిది. ఇప్పుడు రెండు దండులూ ఒకే పిండిగీత మీద ఎదురుపడ్డాయి!

ఆంటీ కూతురు పమ్మీదీ నాదీ ఒకే క్లాసు. పరీక్షలైపోయాయి, పనీపాటా లేదు. ఇద్దరం వరండాలో బోర్లా పడుకుని చూస్తున్నాం.

"దేఖ్ లేనా, మేరే మకోడే జీతేంగే" అంది పమ్మీ. గెలిచేది తన గండుచీమలేనట. నాకు ఒళ్లు మండింది. పందెం కాశాం... నా ఎర్రచీమలు గెలిస్తే ఆ సాయంత్రం పమ్మీ కొత్త సైకిల్ నాది. ఓడితే నా వాటా బొబ్బట్లన్నీ తనవి. ఆ సైకిల్ మీద నాకు ఎన్నాళ్లుగానో కన్ను.

మొదట్లో నా వాళ్ల పని అయిపోయిందనుకున్నా. ఒక్కో గండుచీమ కత్తెరలాంటి దవడలతో నా చిట్టి చీమల్ని పుటుక్కున తుంచేస్తోంది. సాయం చేద్దామని చీపురుపుల్ల తీశాను. గుమ్మంలో ఉన్న అమ్మ చూసింది. "వాటి గొడవలో నువ్వెందుకే? పుల్ల పారెయ్" అంది.

అప్పుడు చూశాను... నా చీమలు కొన్ని వెనక్కి పరుగెడుతున్నాయి. పారిపోతున్నాయనుకుని ఏడుపొచ్చింది. కాదు! దారిలో ఎదురైన ప్రతిదాని మీసాలూ తాకి, కబురు చెప్పి, మెట్టు కిందికి దూరాయి. కాసేపటికి అక్కడినుంచి ఎర్రటి ధార పొంగింది!

ఇక చూస్కోండి... ఒక్కో గండుచీమకి చుట్టూ అరడజను. ఒకటి మీసం, ఒకటి ముందు కాలు, ఒకటి వెనక కాలు... అన్ని వైపులా లాగి కదలనివ్వకుండా పట్టుకున్నాయి. మిగతావి పైకెక్కి కుట్టాయి. బతికిన గండుచీమలు తోక ముడిచాయి. చచ్చినవాటిని నావాళ్లు తిండికోసం ఇంటికి ఈడ్చుకుపోయారు. నేను వరండా అంతా గెంతాను.

పమ్మీ మొహం మాడ్చుకుని సైకిల్ తెచ్చి నా ముందు నిలబెట్టింది. "సైకిల్ దేనే కో బోలా థా, సిఖానే కో నహీ." ఇస్తానంది గానీ నేర్పిస్తాననలేదట! నాకేమో తొక్కడం రాదు.

ఎక్కాను, పడ్డాను. మళ్లీ ఎక్కాను, మోకాలు చీరుకుపోయింది. పౌరుషంకొద్దీ ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని చూస్తున్న పమ్మీ ఇక ఉండబట్టలేక లేచింది. ఆడుకుంటున్న పిల్లలందర్నీ కేకేసి, ఒకర్ని హ్యాండిల్ దగ్గర, ఒకర్ని క్యారియర్ దగ్గర నిలబెట్టి, సీటు తను పట్టుకుంది. "అబ్ హమ్ తేరీ చీంటియా" అంది. మేమిప్పుడు నీ చీమలం అని!

అంతమంది పట్టుకుంటే ఇంకెలా పడతాను... చీకటిపడేసరికి సైకిల్ వచ్చేసింది. బొబ్బట్లు అందరం కలిసి తిన్నాం.

ఇప్పుడు గురుగ్రామ్‌లో పై అంతస్తు ఫ్లాట్ మాది. చీమ కనబడితే చాలు, మందు కొట్టేవాడికి ఫోన్ చేస్తాను. పక్క ఫ్లాట్‌లో పిల్లలున్నారో లేదో కూడా నాకు తెలియదు...

మీలో చీమల మీద పందెం కాసినవాళ్లెవరైనా ఉన్నారా? మీది ఏ పక్షం, ఏం గెలిచారు... కాస్త చెప్పండి.