అక్క చేత నేను చెప్పించిన సాక్ష్యం

మరుగైనదంతా ఎరిగిన తండ్రికి స్తోత్రం. ఇచ్చినప్పుడూ తీసుకున్నప్పుడూ ఆయన నామానికే మహిమ. ఇది రాయడానికి మనసొప్పక చాలా రోజులు ఆగాను.

మా అక్క భీమవరం దగ్గర రొయ్యల తలలు తీసే షెడ్డులో పనిచేసేది. ఒకరోజు రొయ్య కొమ్ము కుడిచేతి చూపుడువేలిలో దిగింది. అక్కడ అది రోజూ జరిగేదే. పసుపు అద్దుకుని మళ్లీ పనిలో కూర్చుంది. గాయం మానిపోయింది. రెండు నెలల తరువాత ఆ వేలు, దాని పక్క వేలు వాచాయి. "ఏంటి వదినా, మనం రొయ్యల్ని ఒలుస్తుంటే రొయ్య నిన్ను ఒలిచిందా?" అని పక్కన కూర్చునే ఆవిడ ఆటపట్టించిందట.

ఊళ్లో డాక్టరుగారు కీళ్లవాతమన్నారు. ఏం పని చేస్తావని ఆయన అడగలేదు, అక్క చెప్పలేదు. ఆయన ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు వారంలో వాపు దిగింది. అప్పటికి మేం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసి ఉన్నాం. సంఘంలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పేదాన్ని నేనే. ఆదివారం అక్కను లేపి, ప్రార్థనతోనే తగ్గిందని సాక్ష్యం చెప్పించాను. అక్క చేయి పైకెత్తి, వేళ్లు ముడిచి చూపింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాత్రల సంగతి ఎత్తవద్దని ముందే చెప్పింది కూడా నేనే.

మాత్రలు ఆపగానే వాపు తిరిగి వచ్చింది. నాకు చెప్పలేదు. మెడికల్ షాపులో అవే మాత్రలు కొనుక్కుని మింగుతూ, చేతికి కొంగు చుట్టుకుని ఆరాధనకు వచ్చేది. ఏడాది గడిచాక, ఒక ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె ఆమె చేతిలోంచి జారిపోయింది. ఇంటికి తీసుకెళ్లి కొంగు విప్పాను. వేళ్ల నిండా పుండ్లు, చీము.

ఎందుకు దాచావని అడిగాను.

"తగ్గిందని అంతమంది ముందు చెప్పాను కదే. మళ్లీ వచ్చిందంటే దేవుడి మాట పోదూ?"

రాజమండ్రిలో డాక్టరమ్మగారు మొదట అడిగింది అక్క పని గురించే. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నీళ్లలో, చేపల్లో, రొయ్యల్లో ఉండే క్రిమి అట. పైన గాయం మానినా లోపల నెమ్మదిగా ఎముక దాకా పోతుందట. "ఆ మాత్రలు వాపును దాచాయండి, క్రిమికి అడ్డు లేకుండా చేశాయి" అన్నారామె. రెండు వేళ్లూ తీసేశారు.

కుష్ఠరోగిని బాగుచేశాక కూడా ప్రభువు, వెళ్లి, నిజంగా నయమైందో లేదో చూసే యాజకునికి చూపించుకోమన్నాడు. ఆ భాగం నేను ఎన్నిసార్లు బోధించానో. పోయిన ఆదివారం లేచి నిలబడి నేను చేసినదంతా ఒప్పుకున్నాను. ఆరాధన ముగిశాక షెడ్డులో పనిచేసే మా సంఘం చెల్లెళ్లు ఇద్దరు మెల్లగా నా దగ్గరికి వచ్చి తమ వేళ్లు చూపించారు. ఇద్దరినీ ఆసుపత్రికి పంపాను.

క్రిమి అక్క మణికట్టులోకి పాకిందో లేదో మంగళవారం తెలుస్తుంది. పాకి ఉంటే చేయి తీసేయాల్సి రావచ్చన్నారు. చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో అడగండి: తండ్రీ, నా తప్పుకు ఆమె చేతిని తీసుకోకు.