నారింజ మీద పాండురంగగారి హక్కు

మాంట్రియల్‌లో ఉంటున్న తెలుగువాళ్ళెవరూ పాండురంగగారి ఎదుట నారింజపండు వొలవరు. వొలిచారా, ఇక అయిపోయారు. రిటైరైన ఈ ఇంజనీరుగారు సోఫా అంచుకి జరిగి మొదలుపెడతారు. మన నారంగమే పర్షియా వెళ్ళి నారంగ్ అయింది, అరబ్బుల నోట నారంజ్, స్పెయిన్‌లో నరాంహ. పోర్చుగీసువాళ్ళు ముందు అక్షరం మార్చి లరాంజ అన్నారు. ఇటలీలో ఆ అక్షరమూ ఊడి అరాంచ, ఫ్రాన్సు చేరేసరికి ఒరాంజ్. ఆ ఫ్రెంచివాళ్ళు పండ్లు ఎక్కువైతే చివర ఎస్ తగిలిస్తారు గాని, అదే రంగు పేరైతే ఎన్ని చొక్కాలున్నా తగిలించరు. ఎందుకు తగిలించరని ఆయనకి ఇప్పటికీ మంటే.

మొన్న చలికాలం ఆ మంట పక్కింటికి అంటుకుంది. పక్కింటి స్టావ్రోస్ గ్రీకు మనిషి. ఇద్దరూ రోజూ కలిసి నడిచేవారు. స్టావ్రోస్ భార్య ఎలేని భోజనానికి పిలిచి, చివర్లో ఏదో పండు తొక్కలు పాకంలో ఊరేసిన తీపి చెంచాతో అందించింది. పాండురంగగారు మొహమాటంగా వద్దన్నారు, బతిమాలుతారు కదా అని. మనలో మొదటి వద్దుకి విలువేముంది? గ్రీకుల్లో ఉన్నట్టుంది, చెంచా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఉక్రోషంతోనో ఏమో, నారింజని గ్రీకులో పోర్తొకాలి అంటారని వినగానే, "అది పోర్చుగల్ పేరు కదా. మీకు సొంత మాటే లేదన్నమాట," అనేశారు.

మర్నాటి నుంచి స్టావ్రోస్ ఆయనతో నడవడం మానేశాడు. పాపం, పాండురంగగారికి ఒక్కరికీ అడుగు పడలేదు. దిగులని ఒప్పుకోరు, మోకాలినొప్పి అంటారు.

"ఉన్న ఒక్క ఫ్రెండునీ పోగొట్టుకున్నారు," అంది భార్య శాంత. "ఆవిడ చేత్తో చేసింది తినలేదు, పైగా వాళ్ళ మాట అరువుదని చెప్పొచ్చారు. వెళ్ళి పెట్టింది తినండి. తినడానికి తప్ప నోరు తెరవకండి."

వెళ్ళారు. ఎలేని అదే తీపి తెచ్చింది. ఈసారి అడగ్గానే అందుకున్నారు. అబ్బ, ఏం రుచి. ఏ పండని అడిగారు.

"నెరాంజి," అందావిడ. "చేదు రకం."

మన మాట గ్రీకుల వంటింట్లో, సీసాలో ఊరుతోంది! పాండురంగగారి చెవులు ఎర్రబడ్డాయి, పెదవులు కదిలాయి. ఎదుట స్టావ్రోస్ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఇప్పుడు నోరు జారితే ఆ స్నేహం ఇక లేనట్టే. ఆయన గుటక వేశారు.

"చాలా బాగుందమ్మా. ఇంకో చెంచా పెట్టు."

స్టావ్రోస్ తన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పెయ్ పాండురంగా. నీ లెక్చర్ లేక నాకూ నడక సాగట్లేదు."

పాండురంగగారు చెంచా పక్కన పెట్టి, కుర్చీ అంచుకి జరిగారు.